అరువు ముక్కు

గొట్టం కొసన చుక్క ఊరడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. హాల్దోర్ నేలమాళిగ మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి దాని కోసం చూస్తున్నాడు. తొందరపెడితే పని చెడుతుందని తెలిసినవాడు కాబట్టి కుళాయిని ముట్టుకోలేదు. దూలానికి గొలుసుతో వేలాడుతున్న ఆ ఉక్కు గొట్టం ఆయనకన్నా పొడవు. రంపపు మిల్లులో పనికిరాదని పారేసిన ఆవిరి పైపు అది. అడుగున గుడ్డ, దాని మీద కాఫీ వడపోసే కాగితాలు, ఆపైన గొంతుదాకా బొగ్గు. పొయ్యిలో వేసే బొగ్గు కాదు. కొబ్బరి చిప్పల్ని కాల్చి, మండే ఆవిరి పట్టి, కంటికి కనబడనన్ని చిల్లులు పడేలా చేసిన నల్లటి పలుకులు. కొబ్బరిచెట్టును చూసినవాడు మా లోయలో ఒక్కడూ లేడు. అయినా దాని చిప్పల బొగ్గు లేకుండా మాకు పెళ్ళీ లేదు, పండగా లేదు.

నార్వేలో, అందులోనూ మా త్రొందెలాగ్ వైపు, ఇంట్లో సారా కాయడం ఎవడికైనా వచ్చు. పంచదార, ఈస్ట్, కాస్త ఓపిక ఉంటే చాలు. కానీ కాచిన సారా తడిసిన కుక్కలా కంపు కొడుతుంది. ఆ కంపు పోగొట్టడమే అసలు పనితనం. సారాలో సగానికి సగం నీళ్ళు కలిపి గొట్టంలో పోస్తే, అది బొగ్గు చిల్లుల్లోంచి మెల్లగా దిగుతూ కంపంతా అక్కడే వదిలేసి వస్తుంది. చట్టం దీనికి ఒప్పుకోదు. చట్టాన్ని కాపాడే పోలీసాయన డబ్బా కూడా హాల్దోర్ దగ్గరికే వస్తుంది, కాకపోతే దాని మీద పేరుండదు.

హాల్దోర్ సారా కాచడు. ఊరు కాచినదాన్ని కడిగిపెడతాడు, అంతే. ప్రతిఫలంగా ఒకరు గొర్రెమాంసం ఇస్తారు, ఇంకొకరు పొయ్యిలోకి కట్టెలు కొట్టిపెడతారు. మిల్లులో పలకలు ఏరి పేర్చే పనిలో ఆయన జీవితమంతా గడిచిపోయింది. మేస్త్రీ కాలేదు, సంఘంలో నాయకుడూ కాలేదు. ఎడమచేతి చూపుడువేలు కొస రంపానికి ఇచ్చేశాడు. మనిషి పొట్టి, భుజాలు మాత్రం వెడల్పు. కోటు ఎప్పుడూ ఎవరిదో తొడుక్కున్నట్టు ఉండేది. లోయలో ఆయనకున్న పేరల్లా ఒక్కటే, "హాల్దోర్ ముక్కు". ఆ ముక్కు శుభ్రమంటే శుభ్రం. ఇంకోసారి పోయాలంటే పోయాలి.

నిజానికి ఆ ముక్కు చచ్చిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. మిల్లులో పైనుంచి జారిన దుంగ ఒకటి తల వెనక తగిలింది. గాయం మానింది కానీ వాసనలు తిరిగి రాలేదు. కాఫీ వేడినీళ్ళైపోయింది. రొట్టె అట్టముక్కైపోయింది. ఇక గొట్టం తీసేసి పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని ఆయన మంచమ్మీద కూర్చుని అంటే, భార్య సిగ్ని కప్పు లాక్కుని వాసన చూసింది. "ఛీ, కుక్క! ఇంకోసారి పొయ్యి" అంది. సిగ్ని తండ్రి, తాగుడు పాపమనే ప్రార్థనామందిరంలో పాటలు పాడించేవాడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల సారా చుక్క నాలుక మీద పెట్టుకుని ఎరగదు. అలాంటిది ఆనాటి నుంచి లోయ తాగే సారాకంతా ఆమే తీర్పు చెబుతూ వచ్చింది. ఈ సంగతి తామిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదని హాల్దోర్ నమ్మకం.

చుక్క పడింది. తర్వాత ఇంకోటి. ముందు వచ్చేవి బొగ్గును తడపడానికి పోసిన నీళ్ళే కాబట్టి వాటిని పారబోసి, సారా మొదలయ్యాక సీసా పెట్టాడు. తర్వాత రెండు కప్పుల్లో గోరువెచ్చని నీళ్ళు తీసుకున్నాడు. పిడి విరిగిన కప్పులో కడగని సారా, రెండోదాంట్లో కడిగింది కలిపాడు. వేడి తగిలితే దాక్కున్న కంపు కూడా పైకొస్తుంది. ముందు చెడ్డది చూసి, తర్వాత మంచిది చూడటం సిగ్ని పద్ధతి. ఈమధ్య ఆమెకు ఓపిక లేక ఒక్క మంచిదే చూస్తోంది, అయినా ఆయన అలవాటుగా రెండూ కలుపుతాడు.

అప్పుడే పైన దగ్గు వినిపించింది. ఆగకుండా, ఊపిరి అందనట్టు. హాల్దోర్ చేతికందిన కప్పు పట్టుకుని పరుగున మెట్లెక్కాడు.

ముందుగదిలో, కిటికీ పక్కన సిగ్ని మంచం. వసంతంలో ఆస్పత్రివాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపారు. ఒకప్పుడు పాలబిందె ఒంటిచేత్తో ఎత్తిన మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుంది.

"ఎంతసేపయ్యా! చుక్కలకి పేర్లు పెడుతున్నావా అక్కడ?"

"నీ నోరులాగ పరిగెత్తదే అది."

కప్పును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్ళు మూసుకుంది. ముక్కుపుటాలు అదిరాయి. "తేట" అంది. "మంచినీళ్ళలా ఉంది. ఎయినార్‌ని వచ్చి తీసుకెళ్ళమను."

హాల్దోర్ తేలికపడ్డ మనసుతో కిందికి దిగాడు. ముక్కాలిపీట మీద ఒక కప్పు ఇంకా సన్నగా పొగలు కక్కుతోంది. దానికి పిడి ఉంది. చేతిలోని కప్పు వైపు చూసుకున్నాడు. పిడి లేదు.

నలతగా ఉండి పొరబడి ఉంటుందనుకున్నాడు. ఆ మాట తనకే అతకలేదు. ఇంకో కప్పు కడిగి, అందులో ఉత్త గోరువెచ్చని నీళ్ళు పోసి మళ్ళీ పైకెళ్ళాడు. ఆ పని చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"రెండో సీసా ఇది. చూడు."

సిగ్ని అంతే శ్రద్ధగా చూసింది. నొసలు చిట్లించింది. "ఊహూ. ఇందులో కొంచెం ఉంది. తొందరపడ్డావు నువ్వు. మళ్ళీ పొయ్యి."

"సరేలే" అన్నాడు హాల్దోర్.

కింద మెట్టు మీద కూర్చుంటే అన్నీ ఒకటొకటిగా అర్థమయ్యాయి. బొగ్గు కంపు పీల్చి పీల్చి ఒకనాటికి నిండిపోతుంది. అప్పుడు దాన్ని ఎంత మరగబెట్టినా, ఎంత ఆరబెట్టినా లాభం లేదు, కొత్తది పోయాల్సిందే. ఆ సంగతి చెప్పాల్సింది సిగ్ని. వసంతం నుంచి ఒక్కసారి కూడా "బొగ్గు మార్చు" అనలేదు. బొగ్గు మంచిదని తను సంబరపడ్డాడు. వేసవిలో పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినప్పుడు కూడా, పొగ కంటికి కనబడేదాకా ఇద్దరూ కూర్చునే ఉన్నారు. నిద్రపట్టేసిందని ఆమె అంది, తను నమ్మాడు. ఆ పాడు మందులు ఆమె ముక్కునూ తినేశాయి. అది ఆమె ఒంటరిగా మోస్తోంది.

మధ్యాహ్నానికి ముందే ఎయినార్ ట్రాక్టరు వచ్చి ఆగింది. పక్క పొలం రైతు, దుప్పివేట జట్టుకు పెద్ద. సాయంత్రం వేటగాళ్ళ విందు. తల వంచి నేలమాళిగలోకి దూరాడు.

"ఏమన్నా, అయిందా? అక్కడ మాంసం ఉడుకుతోంది, ఇక్కడ గొంతులు ఎండిపోతున్నాయి."

హాల్దోర్ కడిగిన సారా ఉన్న కప్పు అందించాడు. "వాసన చూడు."

"నేనా? నీ ముందు నేను వాసన చూసేదేంటి! పంతులుగారి ముందు పాట పాడమన్నట్టుంది."

"చూడరా అంటే."

ఎయినార్ కప్పులో మొహం పెట్టాడు. "భేషుగ్గా ఉంది. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే?"

ఎయినార్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి మొహం తప్పు దొరికిన పిల్లాడి మొహంలా అయింది.

"కంపు కొడుతోందా?"

"తడిసిన కుక్కేనన్నా. అడిగావు గనక చెప్తున్నా."

"ఎప్పట్నుంచి?"

"వదిన ఆస్పత్రి నుంచి వచ్చినకాణ్ణుంచి."

"మరి తాగుతున్నారు కదరా మీరంతా!"

"మా గడ్డి కొట్టంలో ఇంకో గొట్టం కట్టుకున్నాం. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళి అందులో పోస్తాం."

హాల్దోర్ మెట్టు మీద కూలబడ్డాడు. "నాకో మాట చెప్పొచ్చు కదా."

"నీకు చెబితే వదినకి చెప్పినట్టే కదన్నా. నీ ముక్కు పోయిందని మాకెప్పుడో తెలుసు. మిల్లు భోజనాల గదిలో నీ కోటు జేబులో కుళ్ళిన చేప పెట్టాం, గుర్తుందా? గుర్తుండదులే, నువ్వసలు చూసుకోలేదు. వారమంతా తొడుక్కుని తిరిగావు. చివరికి వదినొచ్చి మమ్మల్ని నిలబెట్టి ఉతికేసింది. అప్పుడే తెలిసింది, ఊరికి ముక్కు ఎవరిదో."

హాల్దోర్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు. ఎయినార్ దూలం గొలుసు వంక చూస్తూ నిలబడ్డాడు, అయ్యేదాకా.

"ఆవిడకి తెలీకూడదు."

"నాకేమన్నా పిచ్చా?"

డబ్బాలు ట్రాక్టరులో పెట్టుకుని, వెళ్ళబోతూ ఎయినార్ ముందుగది కిటికీ అద్దం మీద కొట్టాడు. "వదినా! ఈసారి అన్న సారా ముందు ఏ సారా పనికిరాదు!"

"తక్కువ తాగి తగలడండి!" అంది సిగ్ని లోపల్నుంచి. గొంతు పెద్దగా రాలేదు కానీ, మొహం మీద మాత్రం పండగ కళ వచ్చింది. హాల్దోర్ తలుపు దగ్గర నిలబడి అది చూశాడు. ఎయినార్‌కు జన్మంతా రుణపడి ఉంటాననుకున్నాడు.

మధ్యాహ్నం నర్సు వచ్చి సూది వేసి వెళ్ళింది. వెళ్ళేముందు వాకిట్లో హాల్దోర్ చెయ్యి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టుకుంది. బయట పొలాల మీద మంచు పలచగా దిగుతోంది. నిద్రలేచిన సిగ్ని పైకప్పు చూస్తూ అంది:

"నాకు కార్స్క్ కావాలి."

పల్చటి కాఫీలో సారా కలుపుకుని తాగడాన్ని మేం కార్స్క్ అంటాం. మా దగ్గర పొలంలో నాగలి ఎంత మామూలో అదీ అంతే. సిగ్ని నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

"నీకా?"

"ఇన్నేళ్ళు వాసనే చూశాను. మా నాన్న పోయి ఎన్నేళ్ళయింది, ఇంకా ఆయనకి భయపడ్డమేంటి? తీసుకురా."

హాల్దోర్ కాఫీ కాచాడు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీలిపువ్వుల కప్పు అద్దాల బీరువాలోంచి తీశాడు. చక్కెర వేసి, సారా పోసి, అంచుదాకా నింపి తెచ్చాడు. తల కింద చెయ్యి పెట్టి లేపి పట్టాడు. ఆమె ఒక్క గుక్క మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దీనికోసమా మీరంతా ఇంత గోల! మంట తప్ప ఇంకేం లేదు."

"నాకూ అంతేనే."

సిగ్ని ఆయన వైపు తిరిగి చూసింది. "తెలిసిపోయిందన్నమాట" అంది.

"పొద్దున పిడి విరిగిన కప్పు తెచ్చాను."

"మరి రెండోది?"

"నీళ్ళు."

"నీళ్ళకా నేను మొహం చిట్లించింది!" ఆమె నవ్వింది. దగ్గు వచ్చింది, అయినా నవ్వు ఆపలేదు. ఆయనా నవ్వాడు. ఇద్దరూ అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

"ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు గొట్టం దింపేస్తావు. దింపేస్తే, పొద్దున్నే కప్పు పట్టుకుని నా దగ్గరికెవరొస్తారు?"

"ఊరికే అయినా రానా?"

"ఊరికే రావడం నీకెక్కడొచ్చయ్యా? పెళ్ళి మాట అడగడానిక్కూడా రంపం పదును పెట్టే వంకతో వచ్చావు." కప్పు వైపు చూసి అంది. "పాపం, ఊళ్ళోవాళ్ళు ఇన్నాళ్ళూ కంపే తాగారు."

"ఒక్కడూ బాగోలేదన్లేదు."

"మంచోళ్ళు" అంది సిగ్ని, కళ్ళు మూసుకుంటూ. "కప్పు అక్కడే ఉంచు. తర్వాత తాగుతాను."

ఆయన కప్పును కిటికీ గట్టు మీద పెట్టాడు. దుప్పటి సర్ది, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, ఏ వంకా లేకుండా, ఊరికే. చలి పెరుగుతోందనిపించి లేచి పొయ్యిలో రెండు కట్టెలు వేసి వచ్చాడు. వచ్చేసరికి గది మరీ నిశ్శబ్దంగా ఉంది. చెయ్యి వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

హాల్దోర్ ఎవరినీ పిలవలేదు. మోకాళ్ళ మీద వంగి, తలగడ మీద చెదిరిన ఆమె నెరిసిన జుట్టులో మొహం దాచుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. సబ్బు వాసనో, చెమట వాసనో, జబ్బు వాసనో, ఆమెది ఏదో ఒకటి వస్తుందని ఇంకోసారి పీల్చాడు. ఏదీ రాలేదు. చల్లటి గాలి మాత్రం వచ్చింది. అప్పుడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఇంట్లో ఇక ఎవరు విన్నా ఫరవాలేదు.

కిటికీ గట్టు మీద నీలిపువ్వుల కప్పు చల్లారిపోయింది. అందులో తరిగింది ఒక్క గుక్కే, అంచు మీద ఆమె పెదవి తడి ఇంకా ఆరలేదు.