గేదె ఎక్కిన సోఫా

మేస్త్రి మరదలు అబద్ధమాడింది. ఇందులో వాదించడానికేమీ లేదు. ఫోన్‌లో "ఒక కుక్క బావా, ఇరవై రోజులు ఉంచుకో చాలు" అంది. వ్యాను తలుపు తీస్తే అది దిగడం మొదలుపెట్టింది. దిగుతూనే ఉంది. ముందుకాళ్లు మేస్త్రి గడప దాటి లోపలికొచ్చినా వెనకకాళ్లు ఇంకా వ్యానులోనే ఉన్నాయి.

"ఇదేంటే?"

"గ్రేట్ డేన్ బావా. జాతికుక్క."

"ఇది కుక్కైతే నేను మంత్రిని. దున్నపోతును తెచ్చి నా నెత్తిన పెట్టావు."

"ఆడది బావా."

"అయితే గేదె."

అలా పేరు స్థిరపడింది. మరదలు పనిచేసే కుక్కల షెల్టర్ కాగితాల్లో ఏదో మహారాణి పేరుంది. దాన్ని ఎవరూ పలకలేదు.

మేస్త్రి సోఫాలు కుట్టేవాడు. ముప్పై ఏడేళ్లుగా అదే పని. ముందుగది కార్ఖానా, వెనకగది ఇల్లు. భార్య పోయి మూడేళ్లయింది. అప్పుడు పలకరించడానికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో ఇప్పటికీ కంఠతా వచ్చు. రానివాళ్ల సోఫాలు ముట్టుకోడు. వచ్చి కూర్చుని మధ్యలో గడియారం చూసుకున్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లవీ ముట్టుకోడు.

గేదెను మూతపడిన గోడౌను వెనక రెండేళ్లు గొలుసుకు కట్టి వదిలేశారు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మెడచుట్టూ వెంట్రుకలు లేని పట్టీ ఒకటి. భయమేస్తే అది మొరగదు, కరవదు, పారిపోదు. ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. మొదటిరోజు సుత్తి కిందపడింది. అంతే, గది నడిమధ్య గంటన్నర నిలబడిపోయింది. మేస్త్రి దాని చుట్టూ తిరుగుతూ పని చేసుకున్నాడు. కొలతల టేపు దాని వీపుమీద పెట్టి మరిచిపోయి, ఇల్లంతా వెతుక్కున్నాడు.

"ఇరవై రోజుల తర్వాత దీని గతేంటి?" అని అడిగాడు.

మరదలు తలొంచుకుంది. "ఇప్పటిదాకా అర్జీ పెట్టింది పాత ఇనప సామాన్ల కొట్టాయన ఒక్కడే. కాపలాకి కావాలట. గొలుసేసి కడతాడు. షెల్టర్‌లో చోటు లేదు బావా. వేరే ఇల్లు దొరక్కపోతే ఆయనకివ్వక తప్పదు."

"కాపలాకా? దొంగొస్తే ఇది గుంజలా నిలబడుతుంది. వాడు చొక్కా విప్పి దీనికి తగిలించి, తాపీగా దొంగతనం చేసుకుపోతాడు."

"పోనీ, నువ్వే ఉంచుకోకూడదూ?"

ఆ ప్రశ్నకు జవాబు పశువుల డాక్టరు చెప్పాడు. స్పాంజి అంటించే జిగురు వాసనకు గేదె దగ్గుతోంది. కిటికీలన్నీ తెరిచి పెడితే ఇరవై రోజులు ఫరవాలేదు, జన్మంతా అంటే ఊపిరితిత్తులు మిగలవు అన్నాడు. మేస్త్రికి ఆ జిగురే జీవనం. "మంచిదే, పీడా పోతుంది" అన్నాడు మేస్త్రి. అని, ఉన్న కిటికీలు కాక వెనకగోడకు ఇంకో కిటికీ కొట్టించాడు.

గేదె రోజుకు ఎనిమిది కోడిగుడ్లు తినేది. ఒకరోజు ఒక మూలదిండు కూడా తింది. పడక మాత్రం భార్య కుట్టుమిషను కింద. ఎంత చెప్పినా అక్కడే. ఒక మధ్యాహ్నం, మూడేళ్లుగా ఆడని ఆ తొక్కుడు మిషను టకటకా ఆడింది. మేస్త్రి చేతిలో సుత్తి ఆగిపోయింది. వంగి చూస్తే, గేదె నిద్రలో ఎక్కడికో పరుగెడుతోంది, కాలు పెడలు మీదుంది.

"తియ్యవే కాలు" అన్నాడు. అది తియ్యలేదు. మర్నాడు మిషనుకు నూనె వేశాడు. కిరకిరలాడుతోంది, చెవులు పోతున్నాయి అన్నాడు.

ఇక గేదెకు ఇల్లు వెతకడం. ఆ తర్వాత అర్జీ పెట్టినవాళ్లను మరదలు కాగితాల మీది ప్రశ్నలు అడిగేది. మేస్త్రి ఒక్కటే అడిగేవాడు. "మీ సోఫా చూపించండి." ఏ ఇంట్లో ఎవరు ఎలా బతుకుతారో మనుషులు చెప్పరు, సోఫా చెబుతుంది. ఇది ముప్పై ఏడేళ్ల అనుభవం.

మొదటి ఇంట్లో సోఫా కొని నాలుగేళ్లయినా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. "వీళ్లు గేదెకు కూడా కవరు తొడుగుతారు" అని లేచాడు. రెండో ఇల్లు వ్యాయామశాల నడిపే కండల వీరుడిది. సోఫాలో గుంటన్నది లేదు. "ఈ ఇంట్లో ఎవరూ కూర్చోరు. గేదె అస్తమానం కూర్చుంటుంది. పొసగదు." మూడోది ఒక వకీలమ్మది. సోఫా చేతిపిడి నిండా గోళ్ల గీతలు.

"ఆవిడకి పిల్లి ఉందేమో బావా" అంది మరదలు గుసగుసగా.

"లేదు. అవి మనిషి గోళ్లు."

"కేసుల గురించి ఆలోచిస్తూ గీకుతుందేమో."

"ఏ కేసైతేనేం. గీకే చెయ్యి గీకుతుంది."

వీధిలోకొచ్చాక మరదలికి ఒళ్లు మండింది. "కుక్కకి ఇల్లు చూస్తున్నావా, పిల్లకి సంబంధం చూస్తున్నావా?"

"సంబంధమైతే ఇంత చూడను. మనుషులు ఎక్కడున్నా ఏడ్చేవాళ్లే."

పంతొమ్మిది రోజులు ఇలాగే గడిచాయి. ఇరవయ్యో రోజు పొద్దున్నే మరదలు వచ్చి గడపలో నిలబడింది. సాయంత్రం ఇనప కొట్టాయన వస్తాడట.

"నాకు పనుంది" అన్నాడు మేస్త్రి ఆమె మొహం చూడకుండా. "సోఫా ఒకటి దించి రావాలి. వచ్చేదాకా ఎవడూ గేదెను ముట్టుకోడానికి వీల్లేదు. లోపలెక్కడో పడుకునుంది."

ముందుగదిలో మూడు సీట్ల సోఫా తయారై ఉంది. పైన దుప్పటి కప్పి ఉంది. దుప్పటి కింద దిండ్లు ఎత్తుగా ఉన్నాయి. దిండ్లు తనే పెట్టాడు గనక మేస్త్రి మళ్లీ తీసి చూడలేదు. ట్రాలీ ఆటో నడిపే అన్నదమ్ములిద్దరూ చెరోపక్కా పట్టి ఎత్తారు. ఎత్తి, మళ్లీ దించారు.

"మేస్త్రీ, ఇందులో బండలేమైనా పెట్టావా?" అన్నాడు అన్న.

"టేకు. నీలాంటివాడికి బరువుగానే ఉంటుంది."

"తెచ్చింది కూడా మేమేగా. అప్పుడు ఇదే టేకు తేలిగ్గా ఉందే!"

"అప్పుడు లోపల స్పాంజి చచ్చిపోయి ఉంది. ఇప్పుడు ప్రాణం పోశాను."

"ప్రాణానికి ఇంత బరువా?" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి పట్టు మనిషి. తన పని మీద మాటొస్తే బ్రహ్మదేవుడొచ్చినా తగ్గడు. ఒక్క క్షణం దుప్పటి ఎత్తి ఉంటే సరిపోయేది. ఎత్తలేదు. దించాల్సిన ఇంటి మెట్ల దగ్గర తమ్ముడు మళ్లీ ఆగాడు.

"అన్నా, టేకు మూలిగింది."

"మూలిగింది నువ్వే. నడు" అన్నాడు మేస్త్రి.

ఆ సోఫా, బస్సు నడిపే ఒకావిడది. రెండో అంతస్తులో ఆమె, చెవులు సరిగ్గా వినపడని తండ్రి ఉంటారు. సోఫా నేలమీద ఆనగానే పెద్దాయన చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. దుప్పటి తీసేదాకా ఆగకుండా చివరి సీట్లో కూలబడి పక్కకు వాలాడు.

"ఆహా! దిండు భలే పెట్టావయ్యా. వెచ్చగా ఉంది."

మేస్త్రికి సంతోషమైంది. అప్పుడే ఫోన్ మోగింది. మరదలు.

"బావా, గేదె లేదు! ఇల్లంతా వెతికాను!"

"సరిగ్గా చూడు. అది సూదేమైనా అనుకున్నావా, కనపడకుండా పోడానికి?"

"మిషను కింద లేదు. మంచం కింద లేదు."

"మంచం కింద దాని తోకైనా పడుతుందా? పెరట్లో చూడు."

పెద్దాయన దిండును తట్టాడు. దిండు నిట్టూర్చింది. "అమ్మాయ్, ఈ స్పాంజి ఊపిరి పీలుస్తోందే!"

మేస్త్రి ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. దుప్పటి మెల్లగా జారింది. ఒక చెవి, ఒక కన్ను బయటికొచ్చాయి, తర్వాత చాలాసేపు మూతి వస్తూనే ఉంది. ఎప్పుడు దూరిందో దుప్పటి కింద దూరి పడుకుని, సోఫా ఎత్తేసరికి భయంతో కొయ్యబారి, రెండంతస్తులు పల్లకీలో వచ్చినట్టు వచ్చింది గేదె. ఇప్పుడు మాత్రం కొయ్యబారలేదు. బరువైన తలను తీసి పెద్దాయన ఒళ్లో పెట్టింది.

"దొరికిందిలే" అని మేస్త్రి ఫోన్ పెట్టేశాడు.

"నాన్నా, కుక్క!" అని అరిచింది బస్సావిడ.

"తెలుసు. నేను చెవిటివాణ్ణి, గుడ్డివాణ్ణి కాదు." పెద్దాయన దాని మెడమీది బోడి పట్టీని వేలితో తడిమాడు. "ఏమయ్యా, ఇది సోఫాతో పాటు వచ్చినట్టేనా?"

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. మేస్త్రి గంతెయ్యలేదు. గేదె కథంతా నాలుగు ముక్కల్లో చెప్పి, వెంటనే దాని మీద చాడీలు మొదలుపెట్టాడు.

"గురక పెడుతుంది."

"నాన్నకి వినపడదు" అంది బస్సావిడ.

"వాసనలు వదులుతుంది. గదిలో ఉండలేరు."

"నేను రోజంతా డీజిల్ బస్సులో ఉంటాను మేస్త్రిగారూ."

"దాన్ని రెండు పూటలా నడిపించాలి."

"నాన్న రెండు పూటలా బస్టాపుకి నడిచొస్తారు, నన్ను ఎక్కించడానికి, దించుకోడానికి."

"సోఫా తినేస్తుంది!"

"బాగుచెయ్యడానికి మీరున్నారుగా."

ఇక మేస్త్రి దగ్గర చాడీలు అయిపోయాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సోఫాను విప్పింది తనే. లోపలేముందో తనకు తెలుసు. మూడు సీట్లలో రెండింటి స్ప్రింగులే అరిగాయి, అవీ ఒకదానివైపు ఒకటి ఒరిగి అరిగాయి. పదేళ్లు ఇద్దరు మనుషులు ఆనుకుని కూర్చుంటే గాని అలా అరగవు. మూడో సీటు కొత్తదానిలా ఉంది. గేదె ఇప్పుడు సరిగ్గా ఆ సీట్లోనే వెనకకాళ్లు ముడుచుకుంది.

మేస్త్రి ఎవరినైనా అనుమానిస్తాడు. సోఫాను అనుమానించలేడు.

గంటలో మరదలు కాగితాలతో వచ్చింది. సంతకాలయ్యాయి. "ఇన్నాళ్లు చూసుకున్నవారి మాట" అన్నచోట మేస్త్రి బడిపిల్లాడిలా పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: "రోజుకు ఎనిమిది గుడ్లు. గొలుసు వేశారో, నాలుగు కాళ్లూ కోస్తాను. సోఫావి."

గేదెను ఇవ్వడం లేదని ఇనప కొట్టాయనకు మరదలు ఫోన్లోనే చెప్పింది. మేస్త్రి మెట్లు దిగి నడిచి వెళ్లిపోయాడు. గేదె వైపు తిరిగి చూడలేదు. చూశాడని ఆటో తమ్ముడు చెబుతాడు. వాడి మాట ఎవరు నమ్ముతారు.

వారం తర్వాత మరదలు వచ్చింది. "బావా, గేదె ఒళ్లు చేసింది. ఫొటో చూడు" అంటూ ఫోన్ ముందుకు చాపింది.

మేస్త్రి మేకు కొట్టడం ఆపలేదు. "ఏ గేదె?"

"అదేంటి బావా..."

"ఇదిగో చూడు. ఆ సంగతి అయిపోయింది. నువ్వు అడగొద్దు, నేను చెప్పను. ఈ జన్మలో దాని ఊసు నా నోటివెంట రాదు."

రాలేదు కూడా.