వాగు అలిగింది

పొద్దున్నే గోడ దగ్గరికి రావడం, నిన్న వేసిన రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూడడం, డబ్బాల మూతలు స్క్రూడ్రైవరుతో లేపడం, ఆ తర్వాత మాట్లాడడం మొదలుపెట్టడం. ఇదీ పెయింటరు దినచర్య. నడకకు వచ్చినవాళ్ళు దొరికితే వాళ్ళతో, లేకపోతే బెంచీలు బిగించే మేస్త్రీతో, మేస్త్రీ కూడా లేకపోతే చేతిలో ఉన్న బ్రష్షుతో మాట్లాడేవాడు. షాపుల బోర్డులు రాసుకునే రోజుల్లోనే ఆయనకి వాగుడుకాయ అని పేరొచ్చింది. ఇప్పుడు వాగు ఒడ్డున పని దొరికేసరికి, "ఊళ్ళో ఉన్న రెండు వాగులూ ఒకచోటికి చేరాయి" అంది వాగు బాగుచేయిస్తున్న ఇంజనీరమ్మ. ఆయన ఆ మాటకి పడీపడీ నవ్వి, తనే ఊరంతా చెప్పుకు తిరిగాడు.

వాగు ఊరి మధ్యలోంచి పోతుంది. నిన్నమొన్నటిదాకా దాని పక్కనుంచి నడవాలంటే ముక్కు మూసుకోవాల్సిందే. ఒడ్డున ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు అటువైపు కిటికీలు పెట్టుకోలేదు, పెట్టుకున్నవాళ్ళు తెరవలేదు. చివరికి మునిసిపాలిటీవాళ్ళకి బుద్ధిపుట్టి పూడిక తీయించారు. అందులో కలిసే మురుగు పైపులన్నిటినీ వేరే దారి పట్టించి, మలుపుల్లో నీళ్ళని వడగట్టడానికి తుంగ నాటించారు. ఒడ్డు పొడుగునా నడిచే దారి వచ్చింది. దారి పక్కన మొక్కలు, బెంచీలు వచ్చాయి. అడుగున రాళ్ళు కనిపించిన రోజున ఇంజనీరమ్మ దారినపోయేవాళ్ళని ఆపి మరీ చూపించింది. చూసినవాళ్ళు నిజమే అన్నారు.

వాగుకి అలక ఎక్కువ. అది మాత్రం కొత్తగా వచ్చింది కాదు. మనసు నొచ్చుకుంటే ఉన్నచోటు వదిలేసి ఇంకో వీధిలోంచి పారుతుంది. వెనకటికి ఒక బస్సు కండక్టరు స్టాపు వచ్చినప్పుడల్లా "కంపువాగు దిగండి, కంపువాగు" అని కేకేసేవాడట. ఒకరోజు పొద్దున్నే వాగు బస్సు డిపోలోంచి పారుతూ కనిపించింది. అతగాడు వచ్చి బతిమాలుకుంటే గాని కదల్లేదు. అందుకే ఆ ఊళ్ళో ఇళ్ళకి గడప ముందు రెండు మెట్లు ఎక్కువ కడతారు. వీధి దాటడానికి ఇంటికో పొడుగాటి చెక్క ఉంచుకుంటారు. ఎంత అలిగినా వాగు ఎవరింట్లోకీ రాలేదు. ఆ మర్యాద దానికుంది.

ఆ దారి పక్క గోడ మీద వాగు కథ బొమ్మలుగా వెయ్యమని పెయింటరుకి చెప్పి, ఏమేం వెయ్యాలో ఆయన ఇష్టానికే వదిలేశారు. ఆయన చివరి నుంచి మొదలుపెట్టాడు. చేపలు, కొంగలు, నీళ్ళల్లో కాళ్ళు వేలాడేసుకున్న పిల్లలు, బెంచీ మీద కునుకు తీస్తున్న ముసలాయన, అన్నీ అయ్యాక మొదటి బొమ్మ మిగిలింది. అందులో వాగు పాత రోజులు వేశాడు. నల్లటి నీళ్ళు, నురగ, తేలుతున్న ప్లాస్టిక్ సంచులు, ఉబ్బిపోయిన కుక్క. చేతిలో పనితనం ఉన్న మనిషి. ఆ బొమ్మ ముందు నిలబడితే ముక్కు మూసుకోవాలనిపించేది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. సాయంత్రం ఆయన చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు వచ్చేసరికి వాగు లేదు. తడి రాళ్ళు, తుంగ, బోసిపోయిన వంతెన ఉన్నాయి.

ఇంజనీరమ్మ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూసింది. ఆదివారం ప్రారంభోత్సవం. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి.

"అలిగింది," అంది. "ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు మేడమ్. నిన్నంతా ఇక్కడే ఉన్నానుగా. అందరూ మెచ్చుకున్నవాళ్ళే."

"దేన్ని?"

ఆయన గోడ చూపించాడు. ఆవిడ మొదటి బొమ్మ ముందు కాసేపు నిలబడింది. వాగు సరిగ్గా ఆ బొమ్మకి ఎగువన, దాని ముందుకు రాకుండానే పక్కకి తిరిగిపోయింది.

"ఉన్నదే కదా మేడమ్ వేశాను," అన్నాడు పెయింటరు. "అబద్ధమేమైనా వేశానా? ఎలా ఉండేది ఎలా అయిందో తెలియాలి కదా. దాని గొప్పతనం చెప్పడానికే కదా."

"మీ చిన్నప్పటి ఫోటో, ముక్కు కారుతూ చొక్కా లేకుండా ఉన్నది, పెద్దది చేయించి మీ షాపు ముందు పెడితే?"

"నేనైతే నవ్వుతాను."

"మీరు నవ్వుతారు. అది నవ్వలేదు. ఆ బొమ్మమీద తెల్లరంగు వేసేసి, వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పి తీసుకురండి."

"ఎక్కడుందిట?"

"పిండిమర సందులో."

పెయింటరు ముఖం పాలిపోయింది. అది ఆయన అక్క ఉండే సందు.

అక్కంటే ఉత్త అక్క కాదు. అమ్మానాన్నా పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. తర్వాత్తర్వాత కుట్టుపని నేర్చుకుని, సొంత షాపు పెట్టుకుని, ఇల్లు కొనుక్కుని, కూతుర్ని చదివించుకుంది. ఆ కూతురికి సంబంధం కుదిరి, అబ్బాయి తరఫువాళ్ళు మొదటిసారి భోజనానికి వచ్చినరోజున తమ్ముడు మాటల్లో పడ్డాడు. మా అక్క నాలుగిళ్ళల్లో పాచిపని చేసి నన్ను పెంచిందండీ అన్నాడు. ఆ ఇళ్ళవాళ్ళు పారేసిన చెప్పులు తనకి పెద్దవైతే లోపల కాగితాలు కుక్కుకుని తొడుక్కునేదండీ, అలాంటి దేవత అండీ అన్నాడు. చెబుతూ ఏడ్చాడు కూడా. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. అందరూ వెళ్ళాక, "ఇంక నువ్వు ఈ గడప తొక్కకు" అంది. పెళ్ళి అయింది, ఆయన్ని పిలవలేదు. ఉన్నమాటేగా అన్నాను, పొగిడానుగా, అని ఆయన ఊరంతా అడిగాడు. ఆవిడ తప్ప అందరూ ఆయనతో అవునవునన్నారు.

ఇప్పుడా అక్క ఊరు వదిలి వెళ్ళిపోతోంది. కూతురు ఉండే ఊరు చాలా దూరం. ఇల్లు అమ్మేసింది, షాపు మూసేసింది. ఇలా మాటల్లేకుండానే వెళ్ళిపోతే ఇక జన్మలో మళ్ళీ మాటలుండవని పెయింటరుకి తెలుసు. లారీ ఈ ఉదయమే రావాలి. సందులో వాగు పారుతుంటే లారీ ఎలా వస్తుంది? పెట్టెలన్నీ కట్టుకుని ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉందని మేస్త్రీ వచ్చి చెప్పాడు.

పెయింటరు మొదటి బొమ్మ మీద తెల్లరంగు వేశాడు. రెండో పూత కూడా వేశాడు. వాగు రాలేదు. వెళ్ళి అడగమని ఇంజనీరమ్మ అంటే ఒళ్ళు వెచ్చబడిందన్నాడు. మర్నాడు నడుం పట్టేసిందన్నాడు. మూడోరోజు ఆవిడ నేరుగా ఆయన షాపుకే వచ్చింది.

"నడుం ఎలా ఉంది?"

"మేడమ్, ఉన్నమాట చెబుతాను," అన్నాడు. అలవాటైన మాట నోట్లోంచి వచ్చాక నాలిక కరుచుకున్నాడు. "వాగు అక్కడుంటేనే మా అక్క ఊళ్ళో ఉంటుంది. నేను దాన్ని బతిమాలి తీసుకొచ్చాననుకోండి, మధ్యాహ్నానికల్లా లారీ వస్తుంది."

"అయితే అక్కగారిని వాగు పెట్టి కట్టేస్తారా?"

ఆయన లేచాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని బయల్దేరాడు.

సందులో అందరూ వాగుకి అలవాటుపడ్డారు. పిండిమర ముందు చెక్కలు వేసుకున్నారు. గడపల మీద కూర్చున్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నీళ్ళల్లో పాదాలు ఆడిస్తున్నారు. నీళ్ళు తేటగా, చల్లగా, ఎవరి మెట్టూ ఎక్కకుండా పోతున్నాయి. అక్క పై మెట్టు మీద కూర్చుని పరుపుచుట్టకి తాడు బిగిస్తోంది. తమ్ముణ్ణి చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

ఆయన ఆవిడ ఇంటి ముందే, నీళ్ళ మధ్యలో ఆగాడు. తల వంచుకుని వాగుతో మాట్లాడాడు.

"తప్పయిపోయింది. మెచ్చుకోవాలనే వేశాను. నువ్వెంత పడ్డావో తెలిస్తే జనం నిన్నింకా గౌరవిస్తారనుకున్నాను. అది నీ సంగతి. చెప్పుకోవాలని నీకుందో లేదో నేను అడగలేదు."

వాగు పారుతూనే ఉంది.

"ఇన్నాళ్ళకి తెలిసొచ్చిందా అని అడుగు," అంది అక్క. ఆవిడ కూడా వాగుతోనే అంది.

"తెలిసొచ్చిందని చెప్పు," అన్నాడు ఆయన నీళ్ళవంక చూస్తూ.

"ఆ చెప్పుల సంగతి నేను నా కూతురికే చెప్పుకోలేదు. ఆ రోజు వాడు ఏడుస్తూ చెబుతుంటే, వచ్చినవాళ్ళంతా నా కాళ్ళవంక చూశారు. నా కూతురు కూడా చూసింది. అది తెలుసా అని అడుగు."

ఎదురింటి మెట్ల మీది పెద్దావిడ ఉండబట్టలేక, "ఎదురెదురుగా ఉన్నారుగా, మధ్యలో ఆ వాగెందుకే?" అంది.

"నువ్వూరుకో పిన్నీ," అంది అక్క.

పెయింటరు కిందికి చూశాడు. నీళ్ళల్లో తన పాదాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, గోళ్ళ సందుల్లో తెల్లరంగుతో సహా. సిగ్గేసింది. అంత సిగ్గు ఆయన ఎప్పుడూ ఎరగడు.

"చూడలేదని చెప్పు," అన్నాడు చివరికి. "ఏడుస్తున్నాను కదా, ఏమీ కనపడలేదు. ఇంకెప్పుడూ ఎవరిదగ్గరా అననని చెప్పు."

"నోరు కట్టుకోవడం వాడి వల్ల కాదని చెప్పు," అని అక్క లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఆయన ఇంకాసేపు నిలబడి, వాగుతో "ఇంటికి పోదాం రా" అని వెనుదిరిగాడు. తెల్లారేసరికి వాగు తన దారిలో ఉంది. పిండిమర సందు ఆరిపోయింది. లారీవాడికి కబురు వెళ్ళింది. ఆదివారం పొద్దున్న వస్తానన్నాడు.

ఆదివారం వంతెన పక్కన షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. మునిసిపల్ చైర్మన్ రిబ్బను కత్తిరించి, పైపుల గురించి, తుంగ గురించి ఇంజనీరమ్మ చెప్పినవన్నీ తనకే తోచినట్టు చెప్పాడు. తర్వాత పెయింటరుని వేదిక మీదికి పిలిచారు. "ఒకప్పుడు ఈ వాగు ఎంత అధ్వానంగా ఉండేదో మన పెయింటరుగారు కళ్ళకు కట్టినట్టు చెబుతారు" అని మైకు ఆయన చేతికిచ్చారు. ఆయన సంగతి తెలిసినవాళ్ళు ఇప్పట్లో తెమలదని వెనక్కి జారగిలబడ్డారు. వాగు పక్కనే ఉంది, వినబడేంత దూరంలో.

జనం అడ్డంగా ఉండడంతో సామాన్ల లారీ ఒకటి వంతెన మీద ఆగిపోయి ఉంది. డ్రైవరు పక్కన అక్క కూర్చుని ఉంది. పెయింటరు చూడలేదు. ఆయన మైకు వంకే చూస్తున్నాడు.

"నాకు గుర్తులేదండీ," అన్నాడు.

చైర్మన్ నవ్వాడు. "అదేమిటండీ, ఆ మొదటి బొమ్మలో మీరే కదా..."

"అక్కడ తెల్లరంగే ఉందండీ. ఏమీ గుర్తులేదు. ఇప్పుడు బాగుంది." మైకు ఇచ్చేసి దిగిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఇంజనీరమ్మ కొట్టింది.

ఆయన జనంలోంచి బయటపడి, వంతెన దగ్గరికి వచ్చాడో లేదో పైనుంచి కేక వినబడింది.

"ఒరేయ్."

అలా పిలిచేవాళ్ళు ఆయనకి లోకంలో ఒక్కరే ఉన్నారు. తలెత్తి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, ఈసారి మాత్రం కనపడకుండా పోలేదు, ఆవిడ ముఖమే చూశాడు.

"ఈ డ్రైవరుకి మాటలు రావు," అంది అక్క. "పొద్దుట్నుంచీ ఊఁ అంటాడు, అంతే. అంత దూరం నోరు మూసుకుని ఎలా కూర్చోను? ఎక్కు."

"బట్టలు..." అన్నాడు రంగు మరకల చొక్కా చూసుకుని.

"అక్కడ కుట్టి పెడతాలే. ఎక్కమంటుంటే."

ఎక్కాడు. డ్రైవరు సర్దుకుని చోటిచ్చాడు. జనం పక్కకి తప్పుకున్నారు, లారీ వంతెన దాటింది. పెయింటరు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు.

ఊరు దాటాక అక్కే మొదలుపెట్టింది. తను పనిచేసిన నాలుగిళ్ళల్లో మొదటి ఇల్లు ఎలా ఉండేదో, ఆ ఇంటావిడ చెప్పులు ఎంత పెద్దవో, ఒకరోజు వానలో లోపలి కాగితాలు తడిసి, చెప్పు జారి నడివీధిలో తను ఎలా పడిందో చెబుతూ, నవ్వు ఆపుకోలేక తమ్ముడి భుజం పట్టుకుంది. డ్రైవరు కూడా నవ్వాడు. పెయింటరు మధ్యలో ఒక్క మాటా కలపకుండా మొత్తం విన్నాడు.