ఐదు చప్పట్లు

"నిలువుగా తుడువు. అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయి," అన్నాడు భర్త, కుర్చీలోంచి లేవకుండానే.

ఆమె నిలువుగానే తుడిచింది. ఆయన పాటలు వినే ఆ ఆంప్లిఫయర్ పెట్టె ఇంటికి వచ్చిననాడు నలుగురు మోశారు, ఐదోవాడు ముందు నడుస్తూ గాలిని పక్కకు తప్పుకోమన్నాడు. ఆసుపత్రి నుంచి పసిబిడ్డతో వచ్చిన ఆమెను మెట్లెక్కించడానికి అందులో పావువంతు జాగ్రత్తయినా ఎవరూ పడలేదు.

దానికోసం ఖాళీ అయింది ఆమె కుట్టుగది. మిషన్ బాల్కనీ పాలైంది. మొదటి వానకు చక్రం కిర్రుమంది, రెండో వానకు ఎవరిదో కొత్త గౌను మీద తుప్పు మరక పడింది, మూడో వాననాటికి పన్నెండేళ్ళుగా ఆమెను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు వేరే గుమ్మం చూసుకున్నారు. "మగాడికి ఓ ముచ్చట ఉండకూడదా? సూదిపనికి గదెందుకమ్మా, ఒళ్ళో పెట్టుకుని కుట్టుకోవచ్చు," అంది అత్తగారు. మిషన్‌ని ఒళ్ళో పెట్టుకునే ఉపాయం మాత్రం ఆవిడ చెప్పలేదు.

ఆ ఆదివారం భర్త స్నేహితులిద్దరు వచ్చారు. ఒకాయన పళ్ళడాక్టరు, రెండో ఆయన లెక్కల మాస్టారు. మాస్టారికి నోరు ఊరుకోదు.

"స్పీకరుకి తగిలించే ఈ ఒక్క కొత్త తీగకి అంత పోశావా? మా ఇంట్లో బట్టలారేసే తీగ కూడా అచ్చం ఇలాగే ఉంటుందిరా!"

భర్త మొహం కందగడ్డయింది. "దీనికీ మామూలు తీగకీ తేడా తెలియకపోతే రేపే మొత్తం అమ్మేస్తా. ఇది మళ్ళీ ఇక్కడే మిషన్ పెట్టుకుంటుంది. సరేనా?"

'ఇది' అంటే భార్య. పందెంలో తన గది ఉందని వినగానే ఆమె గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

పెట్టె ముందు దుప్పటి తెరగా కట్టారు. ఆమె దాని వెనక నిలబడాలి. మామూలు తీగ తగిలించి ఉంది, ఖరీదైనది ఆమె చేతిలో ఉంది. భర్త పాట ఆపి చప్పట్లు కొట్టినప్పుడల్లా తీగ మార్చాలి. అలా ఐదుసార్లు.

పాట మొదలైందో లేదో, వెనకగదిలోంచి అత్తగారి కేక. "నా కాళ్ళకి కాపడం పెట్టేవాళ్ళే లేరా ఈ ఇంట్లో?"

ఆమె తీగ చేత్తో పట్టుకునే వెనకతలుపు గుండా వెళ్ళింది. నీళ్ళు కాచింది, బట్ట ముంచి పిండింది. "అటు కాదు, ఇటు," అంటోంది అత్తగారు. అవతల చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆహా! కిటికీ తెరిచినట్టుంది!" పళ్ళడాక్టరు గొంతు.

మళ్ళీ చప్పట్లు. "ఇది పక్కా చవక తీగ. గాయనికి జలుబు చేసినట్టు లేదూ?" భర్త గొంతు.

ఐదోసారికి మాస్టారూ దిగొచ్చాడు. "ఒప్పుకున్నాన్రా బాబూ. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది."

ఆమె తిరిగి వచ్చేసరికి భర్త వెలిగిపోతున్నాడు. "విన్నావా? ఇక గది సంగతి ఎత్తకు."

"నేనసలు ఇక్కడ లేనండీ," అంది ఆమె. "అత్తయ్యకి కాపడం పెడుతున్నా. మీరు ఐదుసార్లూ విన్నది మామూలు తీగే."

చేతిలోని తీగ చాపింది. దాని చుట్టూ కట్టిన కాగితం పట్టీ ఇంకా ఊడలేదు. డాక్టరు దగ్గాడు. మాస్టారు పైకప్పు పరీక్షించాడు.

"చెప్పిన ఒక్క పనీ సరిగ్గా ఏడవవు!" అరిచాడు భర్త. "ఈ పందెం చెల్లదు. పో, మళ్ళీ తెర వెనక్కి పో!"

అబద్ధమాడి ఉంటే గది పోయేది, నిజం చెప్పినా పోయింది. రేపు ఇంకో పందెం, ఎల్లుండి మరొకటి. తన గదిని తాను గెలుచుకోవాలని అసలు ఎందుకనుకుందో ఆమెకే నవ్వొచ్చింది.

తెర వెనక్కి వెళ్ళి, గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"మాస్టారూ, అటుపక్క పట్టుకోండి. దీన్ని హాల్లోకి జరపాలి."

మాస్టారు నోరెత్తకుండా లేచాడు.

"ఇప్పుడెందుకు?" అన్నాడు భర్త.

"రేపు పొద్దున్నే నాకు పనుంది."