కింది మెట్టు మీది సామాను

మా ఇంట్లో మేడమెట్లలో మొట్టమొదటిది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పైకి చేరాల్సిన సామానంతా దాని మీద పెడతారు. మడతపెట్టిన బట్టలు, నీళ్ల సీసాలు, మా అమ్మాయి ఛార్జరు, మా ఆయన కళ్లజోడు. ఎవరు పైకి వెళ్తే వాళ్లు తీసుకెళ్లాలన్నది నేను కాపురానికి రాకముందు నుంచీ ఉన్న నియమం. నియమం మంచిదే. కాకపోతే అందరూ ఆ మెట్టును దాటి నేరుగా రెండో మెట్టు మీద కాలు వేయడం నేర్చుకున్నారు. ఆ విద్య నాకొక్కదానికే అబ్బలేదు.

ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి మెట్టు మీద నా సంచే కూర్చుని ఉంది. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో చేరడానికి నేను సర్దుకున్న సంచి. నడిచే దారిలో అడ్డంగా ఉందని అత్తయ్య అక్కడికి జరిపించారట. "పైన పెట్టెయ్యమ్మాయ్, ఎలాగూ వెళ్తావుగా" అన్నారు, తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని. మోకాలు మార్పించుకోవడానికి వెళ్లే సంచిని ఆ మోకాలితోనే పైకి మోసి, తెల్లారి ఆ మోకాలితోనే కిందికి దించాలన్నమాట. మెట్ల కమ్మీ పట్టుకుని ఆ సంచిని చూస్తూ ఉండిపోయాను. ఆరింటికి ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తారు. వస్తున్నానో లేదో నేనే చెప్పాలి.

మా ఇంట్లో నన్ను ఎవరూ పని చెయ్యమనరు. అంత మర్యాదస్తులు. ‘ఎలాగూ’ అంటారు. ఎలాగూ లేచావుగా, ఫ్యాను కాస్త తగ్గించు. ఎలాగూ వంటింట్లో ఉన్నావుగా, ఇంకో టీ. ఎలాగూ మేలుకున్నావుగా, తలుపు గడియ పెట్టావో లేదో చూసి రా. ఎలాగోలా బతుకు ఈడుస్తున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఎలాగూ అనే మాట మీద ఇన్నేళ్లు కాపురం ఈడ్చింది మాత్రం నేనే అయ్యుంటాను.

కుడి మోకాలు రెండేళ్ల కిందట మొరాయించింది. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు. తిన్నది అరగడం లేదని నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటే, ఏదో ఒకటి అరిగితే చాలు కదా అనుకుని మోకాలు అరిగిందేమో అన్నాను. మా ఆయన పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక నొప్పి సంగతి అడగడం మర్చిపోయాడు. నా జోకులతో వచ్చిన చిక్కే అది. అవి అందరికీ వినిపిస్తాయి. వాటి కింద ఉన్నది వినిపించదు.

నేను పనిచేసేది కర్టెన్లు, దుప్పట్లు అమ్మే పెద్ద దుకాణంలో. కొనేవాళ్లకి మెత్తటి సోఫాలు, అమ్మేవాళ్లకి నున్నటి నేల. మేము నిలబడితేనే వ్యాపారం నిలబడుతుందని మా సూపర్‌వైజరు గట్టి నమ్మకం. ఒకసారి స్టూలు అడిగాను. "మీకు ఇస్తే అందరూ అడుగుతారమ్మా" అన్నాడు. అంటే అందరికీ మోకాళ్లు ఉన్నాయని ఆయనకి తెలుసు. కింది అరలోని దుప్పటి తీయడానికి వంగి లేచినప్పుడల్లా మోకాలిలో ఎవరో తాళంచెవి తిప్పినట్టు ఉంటుంది. నేను నవ్వుతూనే లేస్తాను. నవ్వు కూడా అమ్మకం సామానులో భాగమే.

ఎముకల డాక్టరమ్మ పోయిన వారం రెండు దారులూ విడమరిచి చెప్పింది. గుజ్జు బాగానే అరిగింది గానీ పూర్తిగా పోలేదంది. మోకాలి మార్పిడి చేయొచ్చు, ఇప్పుడే చేసి తీరాలని లేదంది. ఇప్పటికి రెండో దారి ఉంది. రోజూ వ్యాయామం, కొంత బరువు తగ్గడం, మెట్లు వీలైనంత మానుకోవడం, పనిలో మధ్యమధ్య కూర్చోవడం, అవసరమైతే ఒక ఇంజెక్షన్. మూడు నెలలు శ్రద్ధగా చేసి చూడండి, అప్పటికీ లొంగకపోతే ఆపరేషన్ ఎటూ ఉంటుంది అంది. "మార్చిన మోకాలు కూడా ఎప్పటికో అరుగుతుంది. అందుకే తొందర లేదంటున్నాను. ఏ దారైనా మీ ఇష్టమే" అంటూ నా వైపే చూసింది. నేను నోరు తెరిచేలోపే నా పక్క నుంచి జవాబు వచ్చేసింది. ఆపరేషనే పెట్టెయ్యండి డాక్టరుగారూ, ఒక్కసారితో పీడ వదులుతుంది అని.

విచిత్రం ఏమిటంటే, ఆసుపత్రి మెట్లు ఎక్కేదాకా ఆపరేషన్ అంటే మండిపడింది కూడా మా ఆయనే. కత్తి పడితే మనిషి మళ్లీ మామూలు మనిషి కాలేడని దారంతా చెప్పాడు. మరి గదిలో ఏం మారింది? ఇంటికి వచ్చాక తెలిసింది. డాక్టరమ్మ చెప్పిన రెండో దారి నా ఒక్కదాని మీదుగా వెళ్లదు. మెట్లు మానుకోవడమంటే పైకీ కిందికీ ఇంకెవరో తిరగాలి. వ్యాయామమంటే ఆ కాసేపు నన్ను ఎవరూ పిలవకూడదు. పడక కిందికి మారాలి. అదే ఆపరేషన్ అయితే ఆరు వారాలు. ఆరు వారాలు ఎవరైనా సర్దుకుంటారు. అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళ్తారు. మా అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. వంటకు మనిషిని మాట్లాడారు. ఆ తర్వాత కొత్త మోకాలితో పాత మెట్లు నేనే ఎక్కుతాను. నన్ను కోస్తే ఇల్లు కుట్టు విడకుండా ఉంటుంది.

ఆపరేషన్‌కి నేను బెదరడం లేదని కాదు, బెదురుతున్నాను. అయినా దాన్ని తప్పుపట్టను. మా దుకాణంలో పరదాల అక్క రెండు మోకాళ్లూ మార్పించుకుని నాకంటే చురుగ్గా తిరుగుతోంది. ఆమెకి ఎముక ఎముకా రాసుకునేవి, వేరే దారి లేకపోయింది. నాకు ఉంది. దాన్ని మొదలుపెట్టాను కూడా. మేడ మీద మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, కాలు ఎత్తి, నిలిపి, దించడం. మొదటి రోజు కాలు గాల్లో ఉండగా కింద నుంచి అత్తయ్య నన్ను పిలిచే గంట కొట్టారు. రెండో రోజు, ఎలాగూ పడుకునే ఉన్నావుగా, కొరియర్ వాడితో ఫోన్లో మాట్లాడు అంది మా అమ్మాయి. వారం తిరిగేసరికి, వ్యాయామాలన్నీ చేశావు, ఏం తగ్గింది అన్నాడు మా ఆయన. అన్నీ కాదు, ఒక్క పూట కూడా పూర్తిగా చేయలేదు. మెట్లు ఎక్కి మంచం చేరేసరికే సగం వ్యాయామం అయిపోయేది, అది మోకాలికి కాదు, ప్రాణానికి.

కింద ముందుగది ఉంది కదా, అందులో పడుకుంటాను అని మూడు రోజుల కిందట అడిగాను. అది మా ఆయన రేడియోల గది. పాత రేడియోలు తెచ్చి బాగుచేయడం ఆయన సరదా. దివాను మీదంతా అవే. వాటిలో మాట్లాడేవి నాలుగో ఐదో. రోజంతా మాట్లాడే నన్ను వదిలేసి, మాట్లాడని వాటికి చెవి ఆనించి కూర్చుంటాడు. "అవన్నీ ఎక్కడికి వెళ్తాయి?" అన్నాడు. కోపంగా కూడా కాదు, నిజంగా ఆశ్చర్యపోయి అడిగాడు. ఇంట్లో రేడియోలకి చోటుంది. నా మోకాలికి చోటు ఆపరేషన్ బల్ల మీదే దొరికింది.

గోడ గడియారం ఆరుకి దగ్గర పడింది. సంచి చేతిలోకి తీసుకున్నాను. మొదటి మెట్టు మీద ఎడమ కాలు వేశాను. కుడి కాలు లేవనంది. అలా నిలబడ్డప్పుడే రేడియోల గదిలోకి చూపు పోయింది. దివాను చివర ఒక చెక్క రేడియో, వెనక మూత ఊడి, నెలల తరబడి అలాగే ఉంది. పక్కింటాయన ఓసారి దాన్ని చూసి, ఆ ముక్క తీసి కొత్తది వేసెయ్యక ఎందుకీ తంటా అన్నాడు. మా ఆయన ముఖం ముడుచుకున్నాడు. "మార్చెయ్యడం ఎవడికైనా చేతనవుతుంది. ఉన్నదాన్ని పనిచేయించడమే పనితనం. అన్నీ ప్రయత్నించి, ఇక కుదరదంటేనే మార్చాలి" అన్నాడు. నేను అప్పుడు టీ ఇచ్చి అక్కడే ఉన్నాను. ఎలాగూ ఉన్నానుగా, ఖాళీ కప్పులు చేతికిచ్చాడు.

ఫోన్ మోగింది. ఆసుపత్రి అమ్మాయి గొంతు మంచం సిద్ధంగా ఉందని, రేపు ఏడింటికల్లా రావాలని చెప్పి, ఖాయమేనా అమ్మా అని అడిగింది. పైనుంచి మా ఆయన దగ్గు వినిపించింది. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నా గొంతులో ఒక జోకు రెడీగా ఉంది. దాన్ని మింగేశాను.

"ఇప్పుడు రావడం లేదమ్మా. మూడు నెలల తర్వాత డాక్టరమ్మకి కనబడతానని చెప్పు."

అటువైపు అమ్మాయి సరేనమ్మా అంది. అంత తేలిగ్గా అయిపోతుందని నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాను.

సంచి విప్పి అందులోంచి కొత్త దుప్పటి, తువ్వాలు తీశాను. రేడియోల గదిలో దీపం వేశాను. చిన్న రేడియోలు ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టుకుని తెచ్చి కింది మెట్టు మీద పెట్టాను. మెట్టు నిండితే రెండో మెట్టు మీద పెట్టాను. మూత లేని చెక్క రేడియో బరువు. దాన్ని ఎలా పట్టుకోవాలా అని తంటాలు పడుతుంటే అత్తయ్య లేచి వచ్చారు. ఆవిడ మోకాళ్లు కూడా ఆ మెట్లమీదే పోయాయి. వాటి గురించి "నా రోజుల్లో ఈ వైద్యాలన్నీ ఎక్కడివి" అనడం తప్ప ఎన్నడూ మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం తన కుర్చీని లాక్కొచ్చి నా ముందు పెట్టారు. రేడియోని దాని మీదకి జరిపి, ఇద్దరం కలిసి నేల మీద ఈడ్చాం. మెట్ల దగ్గర దించాక ఆవిడ ఒకసారి పైకి చూసి, తన గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకున్నారు.

దివాను మీద దుప్పటి పరిచాను. వెల్లకిలా పడుకుని మోకాలి కింద తువ్వాలు పెట్టాను. కాలు ఎత్తాను. నిలిపాను. తొడ వణికింది.

పైనుంచి పిలుపు. "ఏమోయ్, టీ తెస్తున్నావా? ఎలాగూ పైకి వస్తావుగా, నా కళ్లజోడు కూడా పట్రా."

దించాను. మళ్లీ ఎత్తాను. రెండోసారి పిలిచాడు. ఆ తర్వాత ఇంకోసారి, గొంతు పెంచి. నేను లెక్క తప్పకుండా పూర్తి చేశాను. ఇన్నాళ్లలో మొదటిసారి పూర్తి చేశాను. పైన తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు పై మెట్టు దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి కింది మెట్టు కనిపిస్తుంది.

"ఇవన్నీ ఏమిటి?" అన్నాడు.

నేను ఊపిరి కూడగట్టుకుని, గొంతు పెంచకుండా, ఆయనకి వినబడేలా అన్నాను.

"పైకి వెళ్లాల్సినవండీ. తీసుకెళ్దురుగానీ. ఎలాగూ కిందికి దిగుతున్నారుగా, నా దిండు పట్రండి."