గడప కింద కుండ

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డులో, పత్తి మిల్లులు దాటినాక సిస్టర్ల ఆసుపత్రి ఉంది. దానికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా వేస్తామని, పుస్తకం విడుదల చేసే రోజున అక్కడ పుట్టిన మొట్టమొదటి బిడ్డకు శాలువా కప్పుతామని విజయ్ ఫాదర్ ఆదివారం పూజలో చెప్పాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి యేసురత్నమ్మకు అన్నం సహించలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. మొదటి బిడ్డ ఎవరో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కన్నది తనే.

అది కరువు కాలం. ఊళ్ళో సగం మంది ఇళ్ళకు తాళాలేసుకుని సుగ్గికి, పని దొరికే దూరదేశాలకు, పోయారు. యేసురత్నమ్మ మాత్రం నిండు చూలాలని ఉండిపోయింది. సిస్టర్లు అప్పుడే ఆసుపత్రి కట్టిస్తున్నారు. రాళ్ళు మోసినవాళ్ళకు గోధుమ నూక, డబ్బా నూనె ఇచ్చేవారు. ఆమె కూడా మోసింది. తలమీద రాళ్ళ గంప ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. కప్పు పడి ఇంకా తలుపులు పెట్టని గదిలో, ఖాళీ సిమెంటు సంచుల మీద పుష్ప పుట్టింది. కేరళ నుంచి వచ్చిన పెద్ద సిస్టరే బొడ్డు కోసింది.

"ఇది మన ఫస్టు బిడ్డ. రిజిస్టర్ రానీ, దీని పేరే ముందు రాస్తాను" అంది వచ్చీరాని తెలుగులో.

బిడ్డ పుట్టిన చోట గడప కింద కాన్పులో పడిన మాయను పూడ్చిపెడితే ఆ చోటు మీద బిడ్డకు హక్కుంటుందని వాళ్ళ వాడలో నమ్మకం. అత్త కొత్త కుండ తెచ్చి మాయను అందులో పెట్టింది. పసుపు, గుప్పెడు బియ్యం, గాలీ ధూళీ సోకకుండా ఒక ఇనుప మేకు వేసింది. మూతికి కట్టడానికి కోడలి చీర కొంగు చింపింది. కట్టబోతుంటే పెద్ద సిస్టర్ నవ్వుతూ తన మెడలోని మరియమాత బిళ్ళ తీసి లోపల పడేసింది. "మా అమ్మ కూడా కాపలా ఉంటుందిలే" అంది. తర్వాత కాన్పుగది అయిన ఆ గదికి గడప పెట్టే చోటే గుంట తీసి కుండను పూడ్చారు.

నెల తిరిగాక బిషప్పు వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. రిజిస్టరూ వచ్చింది. ఆ రోజే స్థలం ఇచ్చిన మోతుబరి కోడలు మగబిడ్డను కన్నది. మొదటి గీత మీద ఆ బిడ్డ జయన్న పేరు ఎక్కింది. "స్థలం ఇచ్చినవాళ్ళు కదా, రత్నమ్మా" అని పెద్ద సిస్టర్ తల వంచుకుంది. మరుసటి ఏడు పిలిచి ఆయా పని ఇచ్చింది. అది ప్రేమతో ఇచ్చిందో, నోరు మూయించడానికి ఇచ్చిందో, ఆ సిస్టర్ చనిపోయి ఇన్నేళ్ళయినా యేసురత్నమ్మకు తేలలేదు.

ఇప్పుడామె విజయ్ ఫాదర్ దగ్గరికి పోయి అంతా చెప్పింది.

"మీ మాట అబద్ధమని అనను అమ్మా. కానీ పుస్తకం కదా, ఆధారం కావాలి" అన్నాడాయన.

"ఉంది సామీ. పాత కాన్పుగది గడప కింద ఉంది. తవ్వి సూడు."

"ఏముంది అక్కడ?"

మాయ అన్న మాట మగవాడి ముందు, అందులోనూ గురువు ముందు, ఆమె నోటికి రాలేదు.

"ఒక గుర్తు" అంది.

ఫాదర్ నవ్వాడు. "ఆ గదులు ఎలాగూ సోమవారం పడగొట్టిస్తున్నాం, స్కానింగ్ గది కోసం. ఏమైనా దొరికితే మిమ్మల్నే పిలుస్తాను."

పుష్పకు చెబితే పత్తి చేను నుంచి వచ్చిన ఒళ్ళు విరుచుకుంటూ పకపకా నవ్వింది. "శాలువా కప్పుకోని పత్తి తీయల్లా నేను? బాగుంటాది లే మా! సేనుగలాయన కూలి ఎక్కువిస్తాడేమో అడుగుతా."

"కూలికి కాదే. నీ పేరు ముందు రాస్తానని పెద్ద సిస్టరు మాటిచ్చింది."

"యాభై ఏండ్లు ఊరికున్న మాట, ఇప్పుడు లేచి కూసుంటాదా?"

సోమవారం అన్నవాళ్ళు శనివారం పొద్దున్నే జేసీబీ తెచ్చారు. ఆసుపత్రిలో ఏదో గలాటా అని విని యేసురత్నమ్మ పరుగున పోయింది. వెనకే పుష్ప. పగిలిన కుండ చుట్టూ జనం వలయం కట్టి ఉన్నారు. జేసీబీ నడిపే రంగన్న బండి దిగి దూరంగా నిలబడి చేతులూపుతున్నాడు.

"సేతబడి అప్పా! మేకు సూడండి, పసుపు సూడండి, ఆడమనిషి సీర పేలిక! మరియమ్మ బిళ్ళను గూడా కట్టి పడేసినారు, ఎంత దయిర్నమో! నేను ముట్టను, నాకు పిల్లలుండారు."

"పోయిన నెల వరసగా ఇద్దరు పసిబిడ్డలు పోయినారే. ఎందుకా అనుకుంటి" అంది నర్సు రేణుక.

"అది నాది" అంది యేసురత్నమ్మ.

రేణుక రెండడుగులు వెనక్కి వేసి, పక్కనున్న కొడుకును కొంగు చాటుకు లాక్కుంది. ఆ కొడుకు భూమ్మీద పడినప్పుడు మొదట పట్టుకున్నవి యేసురత్నమ్మ చేతులే.

అప్పటికే ఫాదర్ తీర్థజలం గిన్నెతో వచ్చాడు. సిగ్గు విడిచి ఆమె చెప్పేసింది. "నా బిడ్డ మాయ సామీ అది. ఈడనే పుట్టింది నా బిడ్డ. ఆ బిళ్ళ పెద్ద సిస్టరు ఏసింది."

ఫాదర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అయ్యుండొచ్చు అమ్మా. కానీ ఈ జనాన్ని చూడండి. మీరు పెట్టారని తెలిస్తే, ఇన్నేళ్ళలో ఇక్కడ పోయిన ప్రతి బిడ్డనూ మీ నెత్తినే వేస్తారు. మీ మంచికే చెబుతున్నా, ఊరుకోండి."

"ఎట్ల ఊరుకునేది? తవ్వి సూడమన్నది నేనే గదా!"

వెనక నుంచి ఎవరో, "ఓహో, ముందే తెలుసంట ఈమెకు" అన్నారు. ఇంకెవరో రాయి కోసం వంగారు.

పుష్ప ఒక్క దూకులో తల్లికి అడ్డం వచ్చింది. "మా అమ్మకు మతి సరిగా లేదు సామీ. ముసల్ది, ఏందేందో అంటాది. నేనీడ పుట్టలేదు. ఆదోని పెద్దాసుపత్రిలో పుట్టినాను. ఆ కుండ ఎవరిదో మాకేం తెలుసు?"

యేసురత్నమ్మ కూతురి మొహంలోకి చూసింది. పుష్ప చూపు కలపలేదు. తల్లి రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కుపోయింది. వెనక పెట్రోలు వాసన వచ్చింది. మంట చిటపటలాడింది.

పుస్తకం విడుదల రోజు జయన్నకు శాలువా కప్పారు. వాడవాడకూ పుస్తకాలు పంచారు. యేసురత్నమ్మ ఇంటికీ ఒకటి వచ్చింది. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ మూడు పొద్దులు చదివింది. చివరి పేజీకి ముందు ఒక చోట వేలు ఆగింది.

'పాత ప్రసూతి గది పునాది తవ్వుతుండగా అజ్ఞానులెవరో పూడ్చిన చేతబడి కుండ బయటపడినది. దేవుని కృపచే దానిని దహనం చేసి, స్థలమును శుద్ధి చేసితిమి.'

పొయ్యి ముందు కూర్చున్న పుష్ప తలెత్తింది. "మన సంగతి ఏమన్నా రాసినారా మా?"

"రాసినారు."

"పేరేసినారా?"

యేసురత్నమ్మ పుస్తకం మూసి, పొయ్యిలోకి కాదు గానీ, పొయ్యి పక్క పిడకల మీదికి విసిరింది.

"పేరొక్కటే ఎయ్యలేదు" అంది.