తెడ్డు దిగిన మధ్యాహ్నం

నేను ఒక గాలి మిషన్ని. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటాను. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే మనుషులుంటారు చూశారూ, వాళ్ళ ముక్కులోకి గొట్టం గుండా గాలి ఊది, ఆ దారి మూసుకోకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. చూడ్డానికి రొట్టెల డబ్బాలా ఉంటాను గానీ అంత తేలిగ్గా తీసెయ్యకండి. తుఫాను నాకు వరసకి మేనమామ. వంట భూషణం గారి గురకని, పెంకులు లేపి పక్కింటి పెరట్లో పడేసే గురకని, ఒంటిచేత్తో ఒక్క పూటలో అణిచేసినవాణ్ణి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత దీంతో పనుంది.

నేను పుట్టింది సముద్రాల అవతల. నాతోపాటు ఒకే ఈతలో బోలెడంత మంది పుట్టారు. అందరి గొంతూ ఒకటే, మెత్తటి ఉస్సుమనే గొంతు. మమ్మల్ని అట్టపెట్టెల్లో పడుకోబెట్టి ఓడెక్కించారు. మేమంతా ఒక్కసారి ఉస్సుమన్నామంటే ఓడలో వాళ్ళందరికీ కునుకు పట్టేసేది. కెప్టెను కూడా చుక్కాని మీద తలవాల్చి నిద్రపోతే, ఓడ పాపం తనంతట తనే దారి అడుక్కుంటూ రేవు చేరింది.

నా మొదటి యజమాని తెనాలిలో సినిమాహాలున్న రంగనాయకులు గారు. పెద్దమనిషి. నన్ను ముఖానికి తగిలించుకుని అద్దంలో ఒక్కసారి చూసుకున్నారు, అంతే, మళ్ళీ తగిలించుకోలేదు. వాళ్ళావిడ నాకు లేసుగుడ్డ అల్లి తొడిగి, షోకేసులో చెక్కబొమ్మలకీ ప్లాస్టిక్ పూలకీ మధ్య కూర్చోబెట్టింది. ఎవరైనా ఇదేంటండీ అనడిగితే, ఫారిన్ రేడియో అనేవారు. పాటలు రావేంటండీ అంటే, స్టేషను దూరం అనేవారు. నాకేం బాధ లేదు. కిటికీ పక్కనే కాబట్టి పెరడంతా కనపడేది.

భూషణం గారిని మొదట చూసింది ఆ కిటికీలోంచే. రంగనాయకులు గారి మనవరాలి ఓణీల ఫంక్షనుకి రేపల్లె అవతల పల్లెటూరి నించి వంటకొచ్చాడు. బాన లాంటి పొట్ట, పొట్టి మెడ, మెళ్ళో తువ్వాలు, చేతిలో ఆయనంత ఎత్తు టేకు తెడ్డు. పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, దాని మీద నూనె మూకుడు పెట్టించి, బూరెలు వేస్తున్నాడు. ఆయన భార్య నాగరత్నం పూర్ణం ఉండలు చేస్తోంది. ఆవిడ తమ్ముడు శేషగిరి నిప్పులు ఎగదోస్తున్నాడు.

అట్టా బూరెలు వేస్తూ వేస్తూ, నుంచున్నవాడు నుంచున్నట్టే భూషణం గారు నిద్రపోయాడు. తల ముందుకి వాలింది, తల వెనకాలే ఒళ్ళూ వాలింది. కాగుతున్న నూనె మీదికి!

శేషగిరి లుంగీ తొక్కుకుంటూ దూకి, చొక్కా కాలరు పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. చుట్టాలంతా నవ్వారు.

"ఏం భూషణం, పొద్దున్నే పట్టించావా?" అన్నారెవరో.

జన్మలో చుక్క ముట్టని మనిషి, లేచి ఇసక దులుపుకుని తనూ నవ్వాడు. నవ్వనిది నాగరత్నం ఒక్కతే. ఎందుకంటే ఈ మనిషి పడుకుంటే గురక ఉన్నట్టుండి ఆగిపోతుందని, ఊపిరీ ఆగిపోతుందని ఆవిడకి తెలుసు. తట్టి లేపితే, బావిలోంచి పైకి తేలినట్టు ఎగపీలుస్తాడు. పెళ్ళయిన కొత్తలో భయపడింది. తరవాత అలవాటైంది. చెయ్యి ఆయన గుండె మీదేసి, సగం నిద్రలోనే "ఏవయ్యా, ఊపిరి తీసుకో" అనడం ఆవిడ కాపరంలో ఒక భాగమైపోయింది. అంటే నాకన్నా ముందు ఆ ఇంట్లో నా ఉద్యోగం చేసింది ఆవిడే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే తెడ్డుని పాతచీరలో చుట్టి అటకెక్కించేసింది.

"నువ్వు మనిషిలా నిద్రపోయిన్నాడు ఇది దిగుద్ది. అందాకా పొయ్యి ఛాయలకి రావద్దు."

"శ్రావణం ముహూర్తాలు నెత్తిమీదకొస్తంటే ఏందే ఈ గోల? ఎవరు వండుతారు?"

"శేషు వండుతాడు."

"వాడా! వాడు వండితే పెళ్ళికొడుకు తాళి కట్టకుండానే పారిపోతాడు."

"పారిపోనీ. పెళ్ళికొడుకు మళ్ళీ దొరుకుతాడు. నాకు నువ్వు దొరుకుతావా?"

ఆయన తువ్వాలు భుజానేసుకుని ఆవిడ వెంట నడిచాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళితే ఒళ్ళంతా వైర్లు అంటించి పడుకోబెట్టారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బాగా ముదిరింది, రాత్రి నిద్ర చాలకే పొయ్యి దగ్గర ఆ కునుకు, రోజూ మిషను పెట్టుకునే పడుకోవాలి అన్నాడు డాక్టరు. సంగతి తెలిసి రంగనాయకులు గారు నన్ను లేసుగుడ్డతో సహా పంపించేశారు. "నా దగ్గర బొమ్మయి కూచుంది భూషణం, నీ దగ్గరన్నా మిషనవుతుందేమో" అన్నారు. డాక్టరు నా గాలి జోరు భూషణం గారికి సరిపడా తిప్పించి, కొత్త మాస్కు రాసిచ్చాడు.

ఆసుపత్రిలో ఆ మాస్కు ఇచ్చిన అమ్మాయి జాస్మిన్. మంచి పిల్ల, కాకపోతే మాట రైలుబండి. "తాతగారూ, ఇది హోసు, ఇది ఫిల్టరు, ఇది వాటర్ చాంబరు, డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, మాస్కు రోజూ కడగాలి, స్ట్రాప్ టైటుంటే మచ్చలు పడతాయి, లూజుంటే లీకవుద్ది, గాలి మెల్లగా మొదలవడానికి ఈ బటను, నోరు తెరవకూడదు, అర్థమైందా?"

భూషణం గారు ప్రతిదానికీ గంగిరెద్దులా తలూపాడు. అర్థమైంది ఒక్కటే, నోరు తెరవకూడదని. అదీ ఆయనవల్ల అయ్యే పని కాదు.

ఇంటికొచ్చి నా సామానంతా మంచం మీద పరిచి, దాని ముందు బాసింపట్టు వేసుక్కూచున్నాడు. చాలాసేపు ఏదీ ముట్టుకోలేదు. గొట్టం ఎత్తాడు, దించాడు. పట్టీల్లోంచి తల దూర్చబోతే చెవి ఇరుక్కుంది.

"వెయ్యిమందికి వండమను, కళ్ళు మూసుకుని వండుతా. దీన్లో ఏది ముందో ఏది వెనకో తెలీటల్లేదే రత్నం" అన్నాడు. ఎప్పుడూ చేతిలో తెడ్డున్న మనిషికి, చేతుల్లో ఏం పట్టుకోవాలో తెలియకపోతే అట్టాగే ఉంటుంది.

పెళ్ళి వంటవాళ్ళ నిద్ర మధ్యాహ్నాలు. రాత్రంతా పొయ్యి దగ్గరే ఉంటారు కాబట్టి, భోజనాలయ్యాక తడకలు దించుకుని పడుకుంటారు. పని లేకపోయినా భూషణం గారికి ఆ అలవాటు పోలేదు. మొదటి మధ్యాహ్నం నన్ను తగిలించుకున్నాడు. నేను ఉత్సాహం కొద్దీ మేనమామ పేరు నిలబెడదామని ఉస్సుమన్నాను. ఆయన "రత్నం!" అని పిలవబోయి నోరు తెరిచాడు. ముక్కులో దూరిన గాలి నోట్లోంచి బయటికి తన్నింది. బుగ్గలు బూరెల్లా పొంగాయి. మాస్కు లాగి విసిరికొట్టాడు. "గంగాళంలో కూచోబెట్టి పైన మూతేసినట్టుందే" అన్నాడు. ఆయనకి ఎప్పుడూ వచ్చే కల కూడా అదేనట. పెద్ద గంగాళం, పైన మూత, లోపల తను, పైపైకొస్తున్న నీళ్ళు. చిన్నా పెద్దా ఏ కునుకు తీసినా అదే కల.

రెండోనాడు నా నీళ్ళ తొట్టె చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు పోసి వేడి చేసేదాన్ని వంటవాడు ఏమంటాడు? ఎసరంటాడు. వాము, రెండు మిరియాలు వేశాడు. నాకు దగ్గు రాదు గానీ, వస్తే ఆరోజు వచ్చేది.

మూడోనాడు గాలి మాస్కు పక్కల్నించి కారుతోందని కనిపెట్టాడు. ఆవిరి పోకుండా బిర్యానీ గిన్నెకి ఏం చేస్తారు? మూత అంచుకి పిండి అంటిస్తారు. ఈయనా అదే చేశాడు. మైదాపిండి తడిపి తాడులా పేని, ముఖం చుట్టూ అంటించుకుని, దానిమీద మాస్కు పెట్టి, పట్టీలు ఎద్దుకి పలుపు బిగించినట్టు బిగించాడు. నా వెచ్చటి గాలికి పిండి ఎండింది. ఊడదీస్తే సగం మీసం వెంట వచ్చింది.

అప్పుడే శేషగిరి వచ్చాడు. "ఏంది బావా, నిన్నే వండుకుంటన్నావా?"

"ఒరేయ్, ఆ సుత్తి తీసుకురా. దీన్నీ నిన్నూ కలిపి కొడతా."

శేషగిరే జాస్మిన్‌కి ఫోను కలిపాడు. సంగతంతా విని ఆ పిల్ల ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందని నా అనుమానం. తరవాత ఈసారి నెమ్మదిగా చెప్పింది. "తాతగారూ, నీళ్ళు తప్ప ఏమీ వెయ్యొద్దు. పిండి అసలొద్దు. నిద్ర సంగతి కూడా వదిలేయండి. మెలకువగా కూచుని, ఏదో పని చేసుకుంటా పెట్టుకోండి. అలవాటు పడనియ్యండి."

మర్నాటి నించి భూషణం గారు అరుగు మీద మాస్కుతో కూచుని వెల్లుల్లి వలవడం మొదలెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, చూసి చూసి విసుగొచ్చి మానేశారు. వారం తిరిగేసరికి ఊళ్ళో వెల్లుల్లి అయిపోయింది గానీ, ఆయనకి నా ఉస్సు చెవికి ఆనడం మానేసింది.

ఇక పట్టీలు. పడుకుంటే మళ్ళీ గాలి కారేది, ఆయన మళ్ళీ బిగించేవాడు, ముక్కు మీద ఎర్రగా గాటు పడేది. ఒక మధ్యాహ్నం నాగరత్నం వచ్చి మంచమ్మీద కూచుని, ఆ పట్టీలన్నీ వదులు చేసింది.

"ఏవయ్యా, పిండి లేని నాడు నువ్వు గిన్నె మీద మూత ఎట్టా పెడతావు? గుంజి కడతావా? ఊరికే పెట్టి, ఆవిరొచ్చాక ఎక్కణ్ణించి పోతందో చూసి, అటేపు కాస్త జరుపుతావు. అవునా?"

ఆయన మాస్కు పైనించి కళ్ళతోనే అవునన్నాడు.

"మరి కదలకుండా పడుకో."

నన్ను మెల్లగా మొదలయ్యే గాలిలో పెట్టింది. మాస్కు అంచు పొంగింది. ఆవిడ రెండు వేళ్ళతో ఇటు కాస్త, అటు కాస్త జరిపింది. కారడం ఆగింది. "ఇప్పుడు కుదిరింది మూత" అని, అలవాటుకొద్దీ చెయ్యి ఆయన గుండె మీద వేసింది.

తడకల్లోంచి ఎండ పలచగా పడుతోంది. దూరంగా ఎవరింట్లోనో రోలు చప్పుడు. ఆయన ఊపిరి నాలోకి, నా ఊపిరి ఆయనలోకి, రెండూ పడవ అలల్లా మెత్తగా ఊగుతున్నాయి. అప్పుడు నేను ఆ గొట్టం గుండా ఆయన కలలోకి తొంగిచూశాను. అదే గంగాళం. కానీ చుట్టూ నీళ్ళు కాదు, పాయసం, కృష్ణ అంత వెడల్పున, ఇటు ఒడ్డు కనిపిస్తే అటు ఒడ్డు కనపడదు. గట్టున యాలక్కాయ మొక్కలు తాడిచెట్లంత ఎత్తున ఊగుతున్నాయి. మూత ఎగిరి, తిరుగుతూ తిరుగుతూ పైకి పోయి చందమామై నిలబడింది. భూషణం గారు గంగాళంలో కూచుని, తెడ్డు వేసుకుంటూ పోతున్నాడు. రెండు గట్ల మీదా ఆకులేసుకుని కూచున్న జనం, "భూషణం గారూ, ఇటేపు, ఇటేపు" అని పిలుస్తున్నారు.

నాగరత్నం ఎంతసేపు అట్టా కూచుందో. ఊపిరి ఎప్పుడాగుద్దా, ఎప్పుడు తడదామా అని చెయ్యి కనిపెట్టుకునే ఉంది. అది ఆగలేదు. ఆగకపోయేసరికి ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి మంచం పట్టె మీదికి తల వాలిపోయింది. శేషగిరి ఏదో అడగడానికి వచ్చి, ఇద్దర్నీ చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన లేచేసరికి పొద్దు వాలింది. ఆవిడ ఉలిక్కిపడి లేచి మొదట ఆయన గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. తరవాత అడిగింది. "వచ్చిందా? ఆ గంగాళం కల?"

ఆయన ఆలోచించాడు. "రాలేదే."

ఆవిడ కుర్చీ లాక్కుని ఎక్కి, అటక మీంచి చీరమూట దించింది. దాన్ని నా పక్కనే గోడకి ఆనించి, "రోజూ ఇట్టా పడుకుంటేనే. ఒక్కరోజు మానేశావా, మళ్ళీ పైకే" అంది.

శ్రావణంలో ఆయన పొయ్యి దగ్గర నుంచున్నాడు. పెళ్ళికొడుకులెవరూ పారిపోలేదు. తెడ్డూ నేనూ ఇప్పటికీ పక్కపక్కనే ఉంటాం. దాని ఒంటికి నెయ్యి వాసన, నా ఒంటికి ఎంత కడిగినా వాము వాసన.

ఒంటిచేత్తో, ఒక్క పూటలో అన్నాను కదూ మొదట్లో. నాకసలు చెయ్యే లేదు, ఉన్నదల్లా ఓ గొట్టం. చేతులన్నీ నాగరత్నానివి. పూటలు కూడా ఒకటి కాదు, ఊరి వెల్లుల్లంత. తుఫానుకీ నాకూ చుట్టరికం లేదు. ఇవన్నీ మీరు ఈపాటికే పట్టేసి ఉంటారు గనక వీటికి నేను సిగ్గుపడను.

మీరు పట్టలేనిది ఒకటుంది, అది చెప్పేసి ఊరుకుంటాను. ఆ పాయసం ఏరూ, ఆ చందమామ మూతా నేను కల్పించినవి. గొట్టంలోంచి కలలు కనపడవు, ఊపిరే వస్తుంది. ఆ మధ్యాహ్నం భూషణం గారికి ఏ కలా రాలేదు. ఊరికే నిద్రపోయాడు. ఏళ్ళ తరబడి ఆ గంగాళం కూచున్న చోటు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి, చూస్తూ చూస్తూ ఒట్టిగా వదిలెయ్యబుద్ధి కాక, ఓ కల వండి పెట్టాను.