నా పేరున కుట్టిన కాలర్లు

ఎడమచేత్తో గిన్నెలు తోమడం కాస్త అలవాటవుతున్న రోజుల్లో, ఒక ఉదయం వాకిట్లోంచి మా ఆయన గొంతు వినబడింది.

"మాకింకా అంత ఖర్మ పట్టలేదమ్మా. తీసుకెళ్ళిపోండి."

కుళాయి కట్టేసి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే, సంచీ చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరుగుతున్న కాజాలక్క వీపు కనిపించింది. నేను పనిచేసే కుట్టుషాపులో చొక్కాలకు కాజాలు కుట్టేది ఆవిడే. ఎండలో అంత దూరం నడిచొచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్ళు కూడా దొరకలేదు మా ఇంట్లో.

"కవరులో డబ్బులు పెట్టి తెచ్చింది. మనమేదో అడుక్కుతింటున్నట్టు!" అని ఆయన పేపరు తిరగేశారు.

ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడి తొమ్మిది నెలలైంది. అప్పటినుంచి ఇల్లు నడిచేది నేను కుట్టే చొక్కా కాలర్ల మీదే. కుట్టినన్నింటికే కూలి, కుట్టని రోజు సున్నా. రెండు వారాల కిందట గుడ్డల మూట మోసుకొస్తూ షాపు మెట్ల మీద జారాను. కుడి మణికట్టు ఎముక చిట్లింది. నెల రోజులు కట్టు విప్పకూడదన్నారు డాక్టరు. ఆ కట్టుతో ఇంటికి వచ్చిన నన్ను చూసి అత్తయ్య అడిగిన మొదటి మాట, "మరి వంటో?"

మా ఆయన చెడ్డమనిషి కాదు. చేతిలో డబ్బున్న రోజుల్లో ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు. "మావాడిది ఎముక లేని చెయ్యి" అని అత్తయ్య పదిమందిలో మురిసిపోయేది. దారిలో కనిపించిన స్నేహితుణ్ణి భోజనానికి లాక్కొచ్చేవారు. స్నేహితుడి వెనక ఇంకో ఇద్దరు ఉండేవారు. నేను మళ్ళీ పొయ్యి వెలిగించేదాన్ని. వాళ్ళు కడుపునిండా తిని, ఆయన భుజం తట్టి, "నీ మనసు వెన్నరా" అని వెళ్ళేవారు. గిన్నె అడుగున మిగిలింది నేను గోకుకు తినేదాన్ని. ఒక్కనాడు కూడా నాకది అన్యాయంగా తోచలేదు సరికదా, ఆ పొగడ్తలో నాకూ ఏదో వాటా ఉందనుకున్నాను. ఎముక లేని చెయ్యి ఆయనదైతే, ఎముకలున్న చెయ్యి నాది. చిట్లింది కూడా అదే. ఈ మాట తట్టేసరికి సబ్బు నురగ ముందు నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం చీర మార్చుకున్నాను.

"ఈ చేత్తో ఎక్కడికి?" అన్నారాయన.

"షాపుకి. కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

అది అన్నాల గంట. ఆ వేళ మిషన్లన్నీ ఆగి ఉండాలి. కానీ మెట్లెక్కుతుంటేనే చప్పుడు వినబడింది. లోపల కిటికీ పక్కన నా మిషను మీద కాజాలక్క కూర్చుని కాలరు కుడుతోంది. మూత తీయని అన్నం డబ్బా కాళ్ళ దగ్గర ఉంది.

"చూస్తావేం? పదకొండుమందిమి. వంతులేసుకున్నాం. అన్నాల గంటలో తలా కాసిని కుట్టి, చీటీ మీద నీ పేరు రాస్తున్నాం. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నిన్న తెచ్చింది నీ కూలేనమ్మా."

వీళ్ళ ఇళ్ళు నేనెరుగుదును. ఒకామె ఇంటికప్పు కారుతోంది. ఇంకొకామె కూతురి చదువు మధ్యలో ఆగింది. "వద్దక్కా. మీకు మాత్రం ఏం మిగిలి ఏడ్చిందని..."

ఆమె మిషను ఆపేసింది. "నిన్న మీ ఆయన వాకిట్లోంచే పంపేశాడు, పోన్లే అనుకున్నా. నువ్వు కూడానా? ఇవ్వడానికి మేం పనికిరామా ఏంటి? రేపు నేను మంచాన పడతాను, అప్పుడేంటి? ఇవాళ నువ్వు తీసుకోకపోతే రేపు నాకు అడిగే నోరుండదు."

ఇవ్వడమొక్కటే గొప్ప అనుకునే ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నాను. తీసుకున్నవాళ్ళు తలొంచుకుని వెళ్ళడమే చూశాను. ఈ పదకొండుమందిలో ఒక్కరూ నా తల వంగాలని చూడటం లేదు. ఎడమచెయ్యి చాచాను. "ఇదే ఉందక్కా ఇప్పటికి."

"కవరుకి కుడీ ఎడమా తెలీదులే. తీసుకో."

దారిలో సరుకులు కొని ఇంటికి వచ్చాను. సంచీ చూసి ఆయన మొహం మాడిపోయింది.

"తెచ్చుకున్నావన్నమాట. నలుగురిలో నా పరువేం కావాలి?"

"అది మీకిచ్చింది కాదండీ, నాకిచ్చింది. నిన్న మీరు తిప్పి పంపింది నా పేరున వచ్చిన కూలి. నాకొచ్చింది వద్దనాలన్నా ఇకనుంచి నేనే అంటాను."

"మొగుడికి ఎదురు చెప్పడం కూడా ఆ షాపులోనే నేర్పుతున్నారా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా, అది ఇంట్లోనే నేర్చుకున్నా," అని సంచీ వంటింట్లో పెట్టాను.

ఆ పూట ఆయన అన్నం రెండోసారి వడ్డించుకున్నారు.

కట్టు విప్పారు. మళ్ళీ మిషనెక్కాను. మూడు నెలలు తిరిగేసరికి, గుండీలు కుట్టే అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. ఈసారి వంతులు ఆ పిల్ల కోసం. అన్నాల గంట చాలక ఆదివారం పూట కూడా వస్తానని నేనే చెప్పాను.

ఆదివారం ఉదయం బయల్దేరుతుంటే ఆయన ఎదురొచ్చారు. "ఇవాళ కూడానా? ఎంతిస్తారేమిటి?"

"నాకేమీ ఇవ్వరు. ఆ పిల్ల పేరున కుడతాను."

"ఊరికేనా? ఊరికే చాకిరీ చెయ్యడానికి నీకేమైనా పిచ్చా?"

చెప్పులు వేసుకుంటున్నదాన్ని ఆగాను. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి.

"ఊరికే చెయ్యడం నాకు కొత్త కాదండీ," అన్నాను. "కాకపోతే, ఇక్కడ నా దగ్గర తీసుకున్నారు. అక్కడ నేను ఇస్తున్నాను."